సర్వర్ టెంపరేచర్ గ్రాఫ్‌లో 113 ఎం అని చూపిస్తోంది, క్యాక్టి (నెట్‌వర్క్ గ్రాఫ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళు కాస్త చూడండి

మళ్ళీ_కరెంట్_పోయింది:

అందరికీ నమస్తే. ఖమ్మంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అడ్మిన్‌ని, అంటే సర్వర్లూ నేనే చూస్తా, ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా నేనే చూస్తా. సర్వర్ రూమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి, ల్యాబ్ చివర అద్దాల పార్టిషన్ కొట్టించి రెండు స్ప్లిట్ ఏసీలు పెట్టారు, లోపల ఒక ర్యాక్, మూడు సర్వర్లు, ఒక స్విచ్, కింద యూపీఎస్. అంతే.

మొన్న ఆదివారం ఎవరూ లేనప్పుడు ఏసీలు ఆగిపోయాయి. సోమవారం పొద్దున తలుపు తీస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు మొహానికి వేడి కొట్టింది. రెండో సర్వర్ దానంతట అదే షట్‌డౌన్ అయి ఉంది, మిగతా రెండూ ఫ్యాన్లు విమానంలా అరుస్తున్నాయి. ప్రిన్సిపాల్ సార్ ఒకటే అడిగారు, ఎప్పట్నుంచి ఆగిపోయింది ఏసీ అని. నా దగ్గర సమాధానం లేదు. అప్పుడే అనుకున్నా, ట్రాఫిక్ గ్రాఫ్‌ల కోసం ఆల్రెడీ క్యాక్టి ఉంది కదా, అందులోనే టెంపరేచర్ కూడా పెట్టేస్తే పోలా అని.

చేసింది ఇది. మూడు సర్వర్లూ ఉబుంటు 22.04. మొదటి దాంట్లో ఎల్ఎం సెన్సార్స్ (మెషిన్ లోపలి వేడి చదివే టూల్) ఇన్‌స్టాల్ చేసి సెన్సార్స్ డిటెక్ట్ కొట్టి అన్నిటికీ ఎస్ అన్నా, సెన్సార్స్ అని కొడితే కోర్ 0 దగ్గర 41 డిగ్రీలు, కోర్ 1 దగ్గర 42 డిగ్రీలు చక్కగా చూపిస్తోంది. క్యాక్టి ఉన్న మెషిన్ నుంచి ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ మీద మెషిన్ వివరాలు అడిగే పద్ధతి) వాక్ కొట్టా, ఓఐడీ (ఒక్కో వివరానికి ఉండే నంబర్ అడ్రస్) 1.3.6.1.4.1.2021.13.16 మీద, 41000, 42000 అని వస్తున్నాయి. సరే డేటా వస్తోంది కదా అని ఇంటర్‌ఫేస్ ట్రాఫిక్ టెంప్లేట్‌ని డూప్లికేట్ చేసి పేరు టెంపరేచర్ అని మార్చి ఓఐడీ ఇచ్చేశా. మ్యాక్సిమమ్ వాల్యూ దగ్గర ఎక్కడో చదివి యూ అని పెట్టా.

ఇప్పుడు గ్రాఫ్ కింద కరెంట్ అన్నచోట చాలాసేపు 0 ఉంటుంది, ఒక్కోసారి 26.40, ఒకసారి 52.80 కూడా వచ్చింది. సాయంత్రం అయితే ఏకంగా 113.39 ఎం! పక్కనే చిన్న పుల్లలాగా 1.15 ఎం. 113 మిలియన్ డిగ్రీలంటే సూర్యుడి నడిబొడ్డు కూడా అంత ఉండదు, మాది చూస్తే రెండు టన్నుల ఏసీ.

ఇంకోటి, రెండో సర్వర్‌లో ఇదే వాక్ కొడితే ఈ మిబ్ వ్యూలో ఇంక వేరియబుల్స్ లేవు అంటోంది. సెన్సార్స్ కమాండ్ మాత్రం అక్కడ కూడా బానే పనిచేస్తోంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి ప్లీజ్.

బెజవాడ_పింగ్:

బ్రో 2001 నాటి క్యాక్టిని ఇంకా పట్టుకుని వేలాడుతున్నావా, ప్రొమీథియస్ గ్రఫానా పెట్టేయ్, పది నిమిషాల పని, గ్రాఫ్‌లు కూడా అదిరిపోతాయి

ఆర్ఆర్‌డీ_మామయ్య:

ముందు పెట్టిన బాబుకి ఒక దండం. నీళ్ళ ట్యాప్ కారుతోందని అడిగితే ఇల్లు మార్చమన్నట్టుంది ఆ సలహా.

తమ్మీ, నీ డేటా కరెక్టే, సర్వర్ కరెక్టే, క్యాక్టి కూడా కరెక్టే. టెంప్లేట్ ఒక్కటే తప్పు. ట్రాఫిక్ టెంప్లేట్ అంటే డేటా సోర్స్ టైప్ కౌంటర్ అని ఉంటది. కౌంటర్ అంటే మన కరెంట్ మీటర్ లాంటిది, పోయిన నెల రీడింగ్ తీసేసి ఈ నెల ఎంత కాలిందో లెక్కగట్టుడు. నీకు కావాల్సింది గేజ్, అంటే థర్మామీటర్ లెక్క, ఇప్పుడు ఎంతుందో అంతే రాసుకునుడు. థర్మామీటర్‌ని కరెంట్ మీటర్ లెక్క చదివితే ఏమైతదో నీ అంకెల్లోనే ఉంది, చూడు మజా.

టెంపరేచర్ కదలకపోతే తేడా సున్నా. అందుకే ఎక్కువసేపు 0. ఒక్క డిగ్రీ పెరిగితే 1000 పెరిగినట్టు, దాన్ని ఐదు నిమిషాలకి అంటే 300 సెకన్లకి భాగిస్తే 3.33. ట్రాఫిక్ గ్రాఫ్ కాబట్టి బైట్లని బిట్లు చేసే సీడెఫ్ (గ్రాఫ్ గీసేటప్పుడు వేసే లెక్క) దాని మీద కూర్చుని ఉంటది, 8 పెట్టి గుణిస్తది, 26.67. రెండు డిగ్రీలు పెరిగితే 53.33. నీకు 26.40, 52.80 ఎందుకొచ్చినయ్ అంటే నీ పోలర్ (రీడింగులు తెచ్చే ప్రోగ్రామ్) సరిగ్గా ఐదు నిమిషాల గీత మీద కాకుండా ఒక మూడు సెకన్లు లేటుగా రాస్తుంది, క్యాక్టి వెనక డేటా దాచే ఆర్ఆర్‌డీ టూల్ ఆ మూడు సెకన్ల వాటాని అంటే నూటికి ఒక వంతుని తర్వాతి గడిలోకి నెడతది. 26.67లో ఒక శాతం తీసెయ్యి, 26.40 వచ్చిందా?

ఇగ అసలు కథ సాయంత్రం జరిగింది. ల్యాబ్ క్లాసులు అయిపోయి లోడ్ తగ్గి టెంపరేచర్ ఒక డిగ్రీ దిగింది. కౌంటర్ దిగుడు అనేది ఉండదు కదా, అందుకని ఆర్ఆర్‌డీ టూల్ ఓహో మీటర్ నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలైంది అనుకుని 4294967296 కలిపేస్తది, 32 బిట్ల మీటర్ పరిమితి అది. దాంట్లో 1000 తీసి 300తో భాగించి 8తో గుణించు. 114.53 మిలియన్. అందులో ఒక శాతం తర్వాతి గడికి పోయింది, అదే నీ పక్కన పుల్ల 1.15 ఎం. మిగిలింది 113.39 ఎం. పైసా తేడా లేకుండా లెక్క సరిపోయింది. మ్యాక్సిమమ్ దగ్గర యూ పెట్టినవ్ కాబట్టి అడ్డుకునేటోడు కూడా లేడు.

ఇగ చెయ్యాల్సింది. డేటా టెంప్లేట్‌లో టైప్ గేజ్ చెయ్యి. కానీ అంతటితో అయిపోదు, ఇక్కడే సగం మంది పడతరు: టెంప్లేట్ మార్చినంత మాత్రాన ఇప్పటికే తయారైన ఆర్ఆర్‌డీ ఫైల్ మారదు. ఆ ఫైల్ లోపల కౌంటర్ అని చెక్కేసి ఉంటది. ట్యూన్ కమాండ్‌కి హైఫన్ డి ఇచ్చి మార్చొచ్చు కానీ లోపలున్న చెత్త అట్లనే ఉంటది, నీది ఒక్కరోజు డేటానే కదా, ఫైల్ డిలీట్ కొట్టు, వచ్చే పోలింగ్‌కి కొత్తది అదే పుట్టిస్తది. డిలీట్ కొట్టే ముందు ఫైల్ పేరు రెండుసార్లు చూసుకో, ట్రాఫిక్ ఫైళ్ళు కూడా అదే ఫోల్డర్‌లో ఉంటయ్, నేను ఒకసారి మూడేళ్ళ ట్రాఫిక్ హిస్టరీ ఎగరగొట్టుకున్న, ఇప్పటికీ యాదికొస్తే కడుపులో తిప్పుతది.

తర్వాత గ్రాఫ్ టెంప్లేట్‌లో ఆ బిట్ల సీడెఫ్ తీసేసి కొత్తది ఒకటి రాయి, కరెంట్ డేటా సోర్స్, తర్వాత 1000, తర్వాత భాగహారం గుర్తు, అదే వరుసలో. 41000 కాస్తా 41 అయితది. నిలువు గీత పక్కన లేబుల్ కూడా బిట్స్ పర్ సెకండ్ అని ఉంటది, మార్చు, లేకపోతే రేపు ప్రిన్సిపాల్ సార్ చూసి అడుగుతడు.

మళ్ళీ_కరెంట్_పోయింది:

మామయ్యా మీకు కాళ్ళకి దండం. లెక్క మొత్తం నోట్‌బుక్‌లో వేసుకుని చూశా, నిజంగా 113.39 వచ్చింది, మా బీటెక్ పిల్లలకి ల్యాబ్‌లో ఇదే ప్రాబ్లమ్ ఇద్దాం అనుకుంటున్నా.

గేజ్ చేశా, ఫైల్ డిలీట్ చేశా, సీడెఫ్ మార్చా. ఇప్పుడు ఇంకో కొత్త జబ్బు. కరెంట్ నాన్ (అంటే అంకె కాదు అని), యావరేజ్ నాన్, మ్యాక్సిమమ్ నాన్. ధాబాలో ఆర్డర్ తీసుకున్నట్టుంది. యూ అంటే అడ్డుకునేవాడు లేడన్నారు కదా, అందుకని మ్యాక్సిమమ్ 100 పెట్టా, వంద డిగ్రీలు దాటదు కదా అని. అదే కారణమా?

ఆర్ఆర్‌డీ_మామయ్య:

అదే కారణం తమ్మీ. మ్యాక్సిమమ్ చూసేది ఫైల్‌లోకి పోయే పచ్చి అంకెని, 41000ని. 1000తో భాగించుడు గ్రాఫ్ గీసేటప్పుడు జరుగుతది, అది తర్వాత సంగతి. 41000 వందకన్నా పెద్దది కాబట్టి గేట్ దగ్గరే ఆపేసి నాన్ రాసుకుంది. 120000 పెట్టు. ఈసారి ఫైల్ డిలీట్ అక్కర్లేదు, ట్యూన్‌కి హైఫన్ ఏ ఇచ్చి మ్యాక్సిమమ్ మార్చొచ్చు, టెంప్లేట్‌లో కూడా మార్చుడు మర్చిపోకు.

రెండో సర్వర్ సంగతి: ఉబుంటులో ఎస్ఎన్ఎంపీడీ కొత్తగా వేస్తే దాని కాన్ఫిగ్‌లో సిస్టమ్ ఓన్లీ అని ఒక వ్యూ ఉంటది, బయటోళ్ళకి రెండంటే రెండు కొమ్మలే చూపిస్తది, 1.3.6.1.2.1.1 ఒకటి, 1.3.6.1.2.1.25.1 ఒకటి. మన సెన్సార్లు 2021 కింద ఉన్నయ్, అది కనపడనియ్యదు. ఆ రెండు లైన్ల కిందనే అదే పద్ధతిలో .1.3.6.1.4.1.2021.13 అని ఇంకో లైన్ రాసి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యి. ట్రాఫిక్ కూడా కావాలంటే .1.3.6.1.2.1.2, .1.3.6.1.2.1.31 కూడా కలుపు. మొదటి సర్వర్‌లో ఎవరో ఎప్పుడో వ్యూ అన్నదే తీసేసి మొత్తం తెరిచిపెట్టినట్టున్నరు, అందుకే అక్కడ వచ్చింది, అది కూడా తీరిగ్గా ఒకసారి చూసుకో. కమ్యూనిటీ పేరు (ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డ్ లాంటిది) ఇంకా పబ్లిక్ అనే ఉందా? చెప్పకు, నాకు తెలుసు.

సర్వర్‌రూమ్_సుజాత:

మామయ్య గారు చెప్పినదంతా కరెక్టే అండి, కానీ అసలు విషయం ఒకటి మిగిలిపోయింది. మీకు తెలియాల్సింది ఏసీ ఎప్పుడు ఆగింది అని కదా. మీరు గీస్తున్నది సీపీయూ కోర్ టెంపరేచర్. అది లోడ్‌తో పాటు ఆడుతుంది. పిల్లలు ప్రోగ్రామ్‌లు కంపైల్ చేస్తే 41 కాస్తా నిమిషంలో 65 అవుతుంది, ఏసీ చల్లగా ఉన్నా సరే. రూమ్ వేడెక్కినప్పుడు ఫ్యాన్లు గట్టిగా తిరిగి కొంతసేపు దాన్ని కప్పిపెట్టేస్తాయి కూడా. పైగా ఇంటెల్ వాటిలో ఆ సెన్సార్ కొలిచేది అసలు డిగ్రీలు కాదండి, చిప్ తట్టుకునే గరిష్ఠం నుంచి ఎంత కింద ఉన్నాం అన్నది కొలుస్తుంది, అందుకే వేడిగా ఉన్నప్పుడు నమ్మకంగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ.

మీకు కావాల్సింది ఇన్‌లెట్ టెంపరేచర్, సర్వర్ ముందు వైపు లోపలికి పీల్చుకునే గాలి ఎంత వేడిగా ఉందో అది. మీ మూడు సర్వర్లలో ఏదైనా బ్రాండెడ్ ర్యాక్ సర్వర్ ఉందా? డెల్ అయితే ఐడ్రాక్‌లో (సర్వర్‌ని దూరం నుంచి చూసుకోవడానికి దాంట్లోనే ఉండే చిన్న కంట్రోలర్) ఎస్ఎన్ఎంపీ ఆన్ చేసి 1.3.6.1.4.1.674.10892.5.4.700.20.1.6 మీద వాక్ కొట్టండి. అక్కడ 230 అని వస్తే కంగారు పడొద్దు, 23.0 డిగ్రీలు అని అర్థం, వాళ్ళు పదో వంతుల్లో ఇస్తారు, కాబట్టి దానికి సీడెఫ్ 1000తో కాదు 10తో. హెచ్‌పీ వాటిలో అయితే నేరుగా డిగ్రీలే వస్తాయి. ఒక్కొక్కళ్ళది ఒక్కో కొలత, ఒకే టెంప్లేట్ అన్నిటికీ తగిలిస్తే ఒక సర్వర్ 2.3 డిగ్రీల్లో వణుకుతూ కనిపిస్తుంది. ఐడ్రాక్ గానీ హెచ్‌పీ వాళ్ళ ఐలో గానీ లేకపోతే బోర్డ్ సెన్సార్లు చదివే ఐపీఎంఐ టూల్‌తో చూడొచ్చు, బోర్డ్ సపోర్ట్ ఉంటే.

ఎంత ఉంటే మంచిది అంటే, యాష్రే (ఏసీ ఇంజనీర్ల అమెరికన్ సంస్థ) వాళ్ళ సిఫార్సు ఇన్‌లెట్ దగ్గర 18 నుంచి 27 డిగ్రీలు. మన దగ్గర చాలామంది సర్వర్ రూమ్ అంటే 16 పెట్టి స్వెటర్ వేసుకుని కూర్చోవాలి అనుకుంటారు, అక్కర్లేదు, 24 పెట్టుకోండి, ఏసీకి కూడా కాస్త ఊపిరి ఆడుతుంది, బిల్లు కూడా తగ్గుతుంది.

నాకు జరిగింది చెప్తాను. విశాఖలో నేను ఇదివరకు పనిచేసిన చోట సర్వర్లన్నీ యూపీఎస్ మీద, ఏసీలు మాత్రం నేరుగా లైన్ మీద. కరెంట్ పోతే సర్వర్లు నడుస్తూ వేడి కక్కుతూనే ఉంటాయి, ఏసీ ఆగిపోతుంది. యూపీఎస్ ఎంత పెద్దదైతే రూమ్ అంత ఉడుకుతుందన్నమాట. సరే, కరెంట్ వచ్చాక ఏసీ వస్తుంది కదా అనుకుంటాం, మాకున్న ఏసీలు ఇంటికి కొనే రకం, కరెంట్ వచ్చినా రిమోట్ నొక్కితే గానీ ఆన్ కావు. ఇన్‌లెట్ గ్రాఫ్ పెట్టాకే మాకు ఇది తెలిసింది, కరెంట్ పోయింది ఇరవై నిమిషాలు, గ్రాఫ్ ఎక్కింది మాత్రం నాలుగు గంటలు. మీ ఆదివారం కథ కూడా నాకు అలాగే అనిపిస్తోంది. కరెంట్ రాగానే దానంతట అదే మొదలయ్యే సెట్టింగ్ మీ ఏసీలకి ఉందేమో ఏసీ మెకానిక్‌ని అడగండి.

ఇంకొక్కటి, ఓఐడీ చివర్లో ఉండే నంబర్‌ని నమ్ముకోకండి. కెర్నల్ అప్‌డేట్ అయి రీబూట్ అయ్యాక ఎల్ఎం సెన్సార్స్‌లో వరుస మారిపోవచ్చు, నిన్నటి దాకా కోర్ 0 ఉన్న చోట ఇవాళ మదర్‌బోర్డ్ సెన్సార్ వచ్చి కూర్చుంటుంది, గ్రాఫ్ మాత్రం నోరు మూసుకుని గీస్తూనే ఉంటుంది. చివర 2.1.2 కింద పేర్లు ఉంటాయి, 2.1.3 కింద విలువలు. క్యాక్టిలో డేటా క్వెరీ పెట్టుకుంటే పేరు ప్రకారం వెతుక్కుంటుంది, కాస్త ఎక్స్ఎంఎల్ రాయాలి కానీ ఒక్కసారి రాస్తే చాలు.

బెజవాడ_పింగ్:

సరే సరే మామయ్యా, పది నిమిషాలన్నది కొంచెం ఎక్కువ చెప్పా, మాకు మొదటిసారి రెండ్రోజులు పట్టింది 😅 కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి చెప్తున్నా, ప్రొమీథియస్‌కి రీడింగులు ఇచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్ వేస్తే హెచ్‌డబ్ల్యూమాన్ (కెర్నల్ చదివే సెన్సార్ల) టెంపరేచర్లు నేరుగా సెల్సియస్‌లోనే వస్తాయి, ఈ వెయ్యి పది భాగహారాల గోల ఉండదు, 15 సెకన్లకోసారి తీసుకోవచ్చు. హార్డ్ డిస్క్ టెంపరేచర్ కూడా కావాలంటే కెర్నల్ 5.6 నుంచి డ్రైవ్‌టెంప్ అని మాడ్యూల్ ఉంది, అది లోడ్ చేస్తే సెన్సార్స్‌లోనే డిస్కులు కూడా వచ్చేస్తాయి, స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం తనే చెప్పే పద్ధతి) రీడింగులు విడిగా స్క్రిప్ట్ రాసి లాగక్కర్లేదు. ఇది క్యాక్టి వాళ్ళకి కూడా పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా, మళ్ళీ ఇల్లు మార్చమంటున్నానని తిట్టకండి

మళ్ళీ_కరెంట్_పోయింది:

సుజాత మేడం, మీరు చెప్పింది నూటికి నూరు నిజం. మూడో సర్వర్ డెల్‌దే, ఐడ్రాక్ ఉందని తెలుసు కానీ దాని కేబుల్ ఎవరూ పెట్టలేదు ఇన్నాళ్ళు, నిన్న స్విచ్‌కి కలిపి ఎస్ఎన్ఎంపీ ఆన్ చేశా. వాక్ కొడితే మొదటి లైన్ 240, తర్వాతవి 330, 450, 460. పేర్లు చూస్తే మొదటిది ఇన్‌లెట్, రెండోది ఎగ్జాస్ట్, మిగతా రెండూ సీపీయూలు. 10తో భాగించే సీడెఫ్ వేరేగా పెట్టా.

మామయ్యా, 120000 పెట్టగానే నాన్‌లు పోయి గీత వచ్చేసింది, రెండో సర్వర్ వ్యూ కూడా సెట్ అయింది. కమ్యూనిటీ పేరు మార్చేశా, ఇంకేం అడగొద్దు.

రాత్రంతా ఐదు నిమిషాలకోసారి ఎలా గీస్తుందో పొద్దున వచ్చి చూశా. భలే ఉంది, ఏసీ కంప్రెసర్ ఆన్ అవడం ఆఫ్ అవడం రంపం పళ్ళలాగా కనిపిస్తోంది, 23 నుంచి 25, మళ్ళీ 23. తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకి రంపం ఆగిపోయి గీత నిటారుగా ఎక్కడం మొదలైంది, 25, 27, 28, 30, అలా 36 దాకా వెళ్ళి 6 గంటల 20కి ఢమాల్న పడింది. యూపీఎస్ లాగ్ చూస్తే కరెంట్ పోయింది 3 గంటల 6కి, వచ్చింది 3 గంటల 19కి. పదమూడు నిమిషాలే! వాచ్‌మన్ తాతని అడిగితే పొద్దున ఊడవడానికి తలుపు తీశా, లోపల ఉక్కగా ఉంటే ఏసీ నొక్కానయ్యా అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ మా సర్వర్లని కాపాడింది తాతే, నేను కాదు.

మెయిల్ అలర్ట్ ఎలా పెట్టాలి? ఇంకో డౌట్, క్యాక్టి ఉన్నది అసెంబుల్డ్ డెస్క్‌టాప్, దాని సెన్సార్స్‌లో ఆక్స్‌టిన్ అని ఒకటి ఎప్పుడు చూసినా 127 డిగ్రీలు చూపిస్తోంది, బోర్డ్ కాలిపోతోందా?

సర్వర్‌రూమ్_సుజాత:

తాతగారికి ఒక టీ ఇప్పించండి ముందు.

అలర్ట్‌కి థోల్డ్ ప్లగిన్ వేసుకోండి. ఇన్‌లెట్ 30 దాటితే వార్నింగ్, 35 దాటితే సీరియస్, అలా రెండు మెట్లు పెట్టుకోండి, ఒక్క రీడింగ్‌కే మెయిల్ కొట్టకుండా వరుసగా రెండు పోలింగులు దాటితేనే అని పెట్టండి, లేకపోతే ఎవరైనా తలుపు తీసి నిలబడి ఫోన్ మాట్లాడినా మెయిల్ వస్తుంది, వారం తిరిగేసరికి మీరు వాటిని చదవడం మానేస్తారు. హద్దు పెట్టేటప్పుడు పచ్చి అంకె అడుగుతోందా భాగించిన అంకె అడుగుతోందా చూసుకోండి, 30 అనుకుని 30 రాస్తే అక్కడ ఉన్నది 240 కాబట్టి ఆ క్షణం నుంచే మోత మొదలు. ముఖ్యమైనది, క్యాక్టి మెషిన్, స్విచ్, ఇంటర్నెట్ రూటర్ మూడూ యూపీఎస్ మీదే ఉన్నాయా? మా దగ్గర రూటర్ ఒక్కటి గోడ ప్లగ్‌కి ఉండేది, కరెంట్ పోయిందన్న మెయిల్ కరెంట్ వచ్చాక వచ్చేది.

ఆర్ఆర్‌డీ_మామయ్య:

ఆక్స్‌టిన్ 127 అంటే ఆ పిన్‌కి సెన్సారే లేదు తమ్మీ, చిప్ గాలిలో వేలాడే తీగని చదివి ఏదో ఒక అంకె చెప్తుంది. నిజంగా 127 ఉంటే బోర్డ్ మీద చెయ్యి పెట్టి చూడు, నీకే తెలుస్తది. సెన్సార్స్ కాన్ఫిగ్‌లో ఇగ్నోర్ అని రాసి వదిలెయ్యి.

ఇంకో మాట, ఈ తెల్లవారుజాము గ్రాఫ్‌ని ఇప్పుడే బొమ్మగా సేవ్ చేసి పెట్టుకో. క్యాక్టి పాత వెర్షన్ల డిఫాల్ట్‌లో ఐదు నిమిషాల పాయింట్లు 600 మాత్రమే దాచుతది, అంటే 50 గంటలు. ఆ తర్వాత అరగంట సగటు, రెండు గంటల సగటు, ఏడాది గ్రాఫ్‌కి వచ్చేసరికి రోజు మొత్తానికి ఒకే చుక్క. మూడు గంటలు ఉడికిన సంగతి ఆ రోజు సగటులో ఒకటిన్నర డిగ్రీల బొడిపె అయి కూర్చుంటది. గ్రాఫ్ టెంప్లేట్‌లో యావరేజ్ గీతతో పాటు మ్యాక్స్ గీత కూడా పెట్టుకో. కొత్త ఏసీ కావాలని అడిగేటప్పుడు సార్‌కి చూపించేది అదే.

మళ్ళీ_కరెంట్_పోయింది:

మ్యాక్స్ పెట్టేశా. బొమ్మ ప్రింట్ తీద్దామని వెళ్తే ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంది.

రూటర్ చూశా మేడం, గోడ ప్లగ్‌కే ఉంది 🙏